ఒక్క షేరుతో ఏజీఎంలో అడిగిన ప్రశ్న

మిర్యాలగూడ అవతల మాకు బత్తాయి తోట ఉంది. పొద్దున్నే ఆకు మీద వేలితో గీస్తే గీత పడుతుంది, అంత దుమ్ము. సున్నపురాయి నేల కాబట్టి మా వైపు సిమెంటు ఫ్యాక్టరీలు ఎక్కువ. మా తోటకు దగ్గరున్న ఫ్యాక్టరీలో నాయిన ఫిర్యాదు ఇచ్చినప్పుడు నేనూ వెంట వెళ్లి, నకలు మీద ముద్ర వేయించుకున్నాను. ఆ తర్వాత ఉలుకూ పలుకూ లేదు.

ఆ కంపెనీ స్టాక్ మార్కెట్‌లో ఉంది. మార్కెట్ విలువలో మొదటి 1000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి బీఆర్‌ఎస్‌ఆర్ (వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక) అనే నివేదిక తప్పనిసరిగా ఇవ్వాలి. గాలిలోకి ఎంత దుమ్ము వదిలారో, చుట్టుపక్కల జనం నుంచి ఎన్ని ఫిర్యాదులు వచ్చాయో అందులో చెప్పాలి. తెరిచి చూస్తే ఫిర్యాదుల గడిలో సున్నా ఉంది. ముద్ర పడిన కాగితం మా బీరువాలో ఉండగా సున్నా! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

"ఒక్క షేర్‌తోని ఏమైతదిరా?" అన్నాడు నాయిన. సొంతంగా తీర్మానం పెట్టాలంటే పదో వంతు ఓటు బలం కావాలి, అది మనతో అయ్యేది కాదు. కానీ ఏజీఎంకు, అంటే షేరున్నవాళ్లందరి వార్షిక సమావేశానికి, వచ్చి అడిగే హక్కు ఒక్క షేరున్నవాళ్లకూ ఉంది. పాన్, ఆధార్‌తో డీమ్యాట్ ఖాతా (షేర్లు ఉంచుకునే ఖాతా) తెరిచి ఒకటి కొన్నాను.

ఏజీఎం నోటీసు కనీసం 21 రోజుల ముందు పంపాలి. నాకు మెయిల్‌లో వచ్చింది. మాట్లాడాలనుకునేవాళ్లు ఫలానా తేదీలోపు పేరు నమోదు చేసుకోవాలని అందులో ఎక్కడో ఒక పేరా ఉంది. అది చూసుకోకపోతే మీటింగంతా వింటూ కూర్చోవడమే. డీమ్యాట్ ఖాతా నంబర్లయిన డీపీ ఐడీ, క్లయింట్ ఐడీతో పాటు నా ప్రశ్న కూడా రాసి పంపాను.

మీటింగ్ వీడియోలో జరిగింది. నాకంటే ముందువాళ్లు డివిడెండ్ గురించి, బోనస్ షేర్ల గురించి అడిగారు. నా పేరు పిలిచేసరికి గొంతు తడారిపోయింది. పక్కనే నాయిన ముద్ర కాగితం పట్టుకుని కూర్చున్నాడు. నివేదికలో పేజీ నంబరు చెప్పాను, కాగితం మీది తేదీ చదివాను. ఇది మీ లెక్కలో ఎందుకు లేదు, మా పక్కనున్న ప్లాంటు ఒక్కటే ఎంత దుమ్ము వదులుతోంది అని అడిగాను. "పరిశీలిస్తాం" అని చైర్మన్ ఇంకో పేరు పిలిచారు.

నెల ఆగి మినిట్స్, అంటే మీటింగ్‌లో ఏం జరిగిందో రాసిన రికార్డు, నకలు అడిగాను. సభ్యులు (షేరున్నవాళ్లు) అడిగితే ఏడు పనిదినాల్లో ఇవ్వాలి, పేజీకి రూ.10 మించి తీసుకోకూడదు. అందులో నా ప్రశ్న మొత్తం "పర్యావరణంపై ఒక సభ్యుడు వివరణ కోరారు" అన్న ఒక్క ముక్కలో ముగిసింది. అది చదివాక ముద్ర కాగితం స్కాన్ జతచేసి కంపెనీ సెక్రటరీకి రాశాను. రికార్డు సరిచేస్తామని జవాబు వచ్చింది. ఈలోగా పక్క తోటలవాళ్లు ముగ్గురు కూడా ఫిర్యాదులు ఇచ్చి ముద్రలు వేయించుకున్నారు.

కొత్త నివేదికలో నిరుటి గడిలో సున్నా పోయి 1 వచ్చింది. ఈ ఏడాది గడిలో 3. ప్లాంటు వారీ దుమ్ము లెక్క మాత్రం ఇంకా ఇవ్వలేదు. నాయిన పేరు మీద కూడా ఒక షేరు కొన్నాం. ఈసారి మాట్లాడేవాళ్లలో ఇద్దరి పేర్లూ ఇచ్చాను.