గుత్తి నుంచి పత్తికొండ దాకా ఒకే చరిత్ర

గుత్తి అనంతపురం జిల్లాలో, పత్తికొండ కర్నూలు జిల్లాలో ఉన్నాయి. జిల్లాల వారీగా రాసే చరిత్రల్లో ఈ రెండు ఊళ్ల నడుమ సాగే దారి గాథ రెండు ముక్కలైపోతుంది. దాన్ని ఒక్కటిగా చదవాలని నా కోరిక.

గుత్తి కోటను విజయనగర ప్రభువు బుక్కరాయల కాలపు సంస్కృత శ్లోకం దుర్గాలకే రాజని కీర్తించింది. 18వ శతాబ్దంలో దానిని ఏలిన మరాఠా సర్దారు మురారిరావు ఘోర్పడే, 1775–76లో హైదరాలీ ముట్టడించినప్పుడు నెలల తరబడి నిలిచి పోరాడినా, కొండమీది నీటి నిల్వలు అడుగంటడంతో లొంగిపోక తప్పలేదు. ఫిరంగులు సాధించలేని పనిని నీటి కరువు సాధించిందంటే సీమవాసులకు వేరే వివరణ అక్కరలేదు.

అక్కడినుంచి పత్తికొండ వైపు వెళ్తే, తుగ్గలి మండలం జొన్నగిరి సమీపంలో ఎర్రగుడి శిలాశాసనాలు కనిపిస్తాయి. తొలకరి వానలు పడగానే పొలాల్లో వజ్రాలు వెదికేవారితో జొన్నగిరి పేరు పత్రికల్లో మార్మోగుతుంది గాని, అంతకన్న విలువైనవి ఆ బండలే. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో అశోకుడు ప్రాకృత భాషలో, బ్రాహ్మీ లిపిలో చెక్కించిన 14 ప్రధాన శాసనాలు, వాటితోపాటు లఘు శాసనాలు కూడా ఇక్కడ ఒక్కచోటే ఉన్నాయి. లఘు శాసనంలో కొన్ని వరుసలు ఎడమనుంచి కుడికి, కొన్ని కుడినుంచి ఎడమకు నడుస్తాయి. ఇటువంటి రాత అశోకుని శాసనాలలో చాలా అరుదు. రెండవ ప్రధాన శాసనం మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేయడం గురించి, బాటల వెంట బావులు తవ్వించి చెట్లు నాటించడం గురించి చెబుతుంది.

బావులూ చెట్లూ అన్న ఆ మాట పత్తికొండలో మళ్లీ గుర్తుకు వస్తుంది. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి అప్పగించిన తరువాత, థామస్ మన్రో 1807 వరకు ప్రధాన కలెక్టరుగా పనిచేసి, పొలాలను కొలిపించి, శిస్తును నేరుగా రైతు నుంచే వసూలు చేసే రైతువారీ పద్ధతికి ఇక్కడ పునాది వేశాడు. ఆయన పాలెగాళ్లను కఠినంగా అణచినవాడే, ఆయన విధించిన శిస్తు కూడా బరువైనదే. అయినా ఆ బరువును తానే గుర్తించి, మెట్ట భూముల శిస్తును నాలుగో వంతు తగ్గించాలని 1807లో సిఫారసు చేయడం ఆయన నిజాయితీకి సాక్ష్యమని నేను భావిస్తాను. మద్రాసు గవర్నరుగా ఈ సీమలో పర్యటిస్తూ 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో మరణించాడు. దేహాన్ని గుత్తి కోట కింది శ్మశానంలో ఖననం చేసి, 1831లో అవశేషాలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు. పత్తికొండలో ఆయన జ్ఞాపకార్థం ప్రభుత్వం ఏర్పాటు చేసినవి ఒక తోపు, రాతిమెట్ల బావి. అశోకుని మాట బ్రాహ్మీ లిపిలో బండమీదే ఉన్నా, దాన్ని చదవగలిగినవారు ఆనాటికి ఈ దేశంలో లేరు.

ఈ రెండు ఊళ్ల ఉపాధ్యాయులకు నా విన్నపం ఒకటుంది. పిల్లలను దూరప్రాంతాల విహారయాత్రలకు తీసుకువెళ్లే ముందు, ఒక రోజు ఈ దారి వెంట నడిపించండి. ఎండ ముదరకముందే గుత్తి కొండ ఎక్కించి, ఎర్రగుడి బండల దగ్గర తగినంత సమయం కేటాయించి, సాయంత్రానికి పత్తికొండ చేరితే, పాఠ్యపుస్తకంలో వేర్వేరు అధ్యాయాలుగా చదివే మౌర్యులు, విజయనగరం, మరాఠాలు, కంపెనీ పాలన తమ ఊరి దారిలోనే వరుసగా కనిపిస్తాయి.