బావ కొన్న చైనా బండి

శనివారం. మబ్బు, చలి, మధ్యలో కాసేపు ఎండ, మళ్లీ చినుకులు, మెల్‌బోర్న్ మామూలే. సరుకులకి బావ కొత్త బండిలో వెళ్లాం, హావల్ హెచ్6. గేరు కర్ర ఉండాల్సిన చోట గుండ్రటి మీట ఉంది, దాన్ని తిప్పాలి, బావ చేయి మాత్రం ఇంకా అలవాటు కొద్దీ కర్ర కోసం తడుముకుంటోంది.

దార్లో నాన్న వీడియో కాల్. "చైనా బండి కొన్నారటగా అల్లుడుగారూ, బాగుంది" అని మర్యాదగా ఆయనతో అనేసి, బావ దిగి ట్రాలీ తేవడానికి వెళ్లగానే గొంతు తగ్గించి నాతో, "ఎన్నాళ్లొస్తుందిరా అది?"

ఏడేళ్ల వారంటీ ఉంది నాన్నా అన్నాను గానీ ఆయన నమ్మినట్టు లేదు. అందుకే మధ్యాహ్నం ఇల్లు సర్దాల్సిన టైమంతా ఆ కంపెనీ పుట్టుపూర్వోత్తరాలు చదువుతూ గడిపేశాను.

అసలు కంపెనీ గ్రేట్ వాల్ మోటార్. బీజింగ్‌కి నైరుతిలో బావోడింగ్ అనే ఊళ్లో 1984లో మొదలైంది. 1990లో వెయ్ జియన్‌జున్ చేతికి వచ్చింది, అప్పటికి ఆయనకి 26 ఏళ్లు. పెద్ద కంపెనీలతో కార్లలో తలపడకుండా పికప్ బళ్లు పట్టుకున్నాడు. 1996లో డీర్ అనే పికప్ వచ్చింది, రెండేళ్లకే చైనాలో పికప్ అమ్మకాల్లో వీళ్లదే మొదటి స్థానం. ఆ పునాది మీదే 2002లో చవక ఎస్‌యూవీ తెచ్చారు. మధ్యలో చిన్న కార్ల సరదా కూడా పుట్టింది, పెరీ అని ఒకటి చేస్తే అది తన పాండా కారుకి నకలని ఫియట్ కోర్టుకెక్కింది, 2008లో ట్యూరిన్ కోర్టు ఫియట్ పక్షానే తీర్పిచ్చింది. చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది లెండి.

2011లో హెచ్6, 2013లో హావల్‌ని విడి బ్రాండుగా చేయడం, సెడాన్లని దాదాపు పక్కన పెట్టేయడం, నా లెక్కలో అసలు మలుపు ఇదే. అందరూ ధర తక్కువ కాబట్టి గెలిచారంటారు, చైనాలో చవక కార్లు చేసినవాళ్లు ఇంకెంతమంది లేరు? వీళ్లు ఒకే రకం బండిని వదలకుండా పట్టుకున్నారు. 2016లో హెచ్6 ఒక్కటే 5.8 లక్షలు అమ్ముడైంది. హెచ్8 అనే ఖరీదైన మోడల్‌ అమ్మకాన్ని 2014లో రెండుసార్లు ఆపేశారు, రెండోసారి గేర్ల దగ్గర చప్పుడొస్తోందని, షేరు ధర పడిపోయినా సరే. నాన్నకి ఈ ముక్కే చెప్పాలి, గేరు చప్పుడంటే ఆయనకి బాగా అర్థమవుతుంది.

మనవాళ్లకి ఈ పేరు తెలియకపోవడానికి కారణం ఉంది. 2020లో మహారాష్ట్రలోని తళేగావ్‌లో జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ కొనడానికి ఒప్పందమైంది, ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో హావల్ బళ్లు కూడా పెట్టారు. తర్వాత సరిహద్దు దేశాల పెట్టుబడులకి ప్రభుత్వ అనుమతి తప్పనిసరైంది, గల్వాన్ జరిగింది, అనుమతి రాలేదు, 2022లో సర్దుకుని వెళ్లిపోయారు. ఆ ఫ్యాక్టరీని తర్వాత హ్యుందాయ్ కొనుక్కుంది.

ఇప్పుడు ఎలక్ట్రిక్ కార్లలో బీవైడీ అనే ఇంకో చైనా కంపెనీ వీళ్లని ఎక్కడో వెనక వదిలేసింది. ధరల యుద్ధం మీద వెయ్‌కి ఎంత మంటంటే, కార్ల రంగంలోనూ ఎవర్‌గ్రాండ్ (అప్పుల్లో కూలిపోయిన చైనా రియల్ ఎస్టేట్ కంపెనీ) లాంటి కంపెనీ ఒకటి ఉంది, ఇంకా పేలలేదంతే అని 2025లో బాహాటంగానే అన్నాడు. సొంత పరిశ్రమ గురించి అలా అనేసే ఓనరు నాకు నచ్చాడు. బావకి చదివి వినిపిస్తే, "ముందు ఆ ఉల్లిపాయల బస్తా డిక్కీలోంచి దింపరా" అన్నాడు.