నా బ్రోకరును అమ్మేశారు, నా సంతకం చెల్లలేదు

సికింద్రాబాద్ పాట్ మార్కెట్‌లో మాది చిన్న నగల కార్ఖానా. నలుగురు పనివాళ్లు, రెండు కుంపట్లు, ఎప్పుడు చూసినా అరకిలోకు అటూ ఇటూగా బంగారం. నా సంపాదన మజూరీ మీద రావాలి గాని ధర ఎక్కితే లాభం, దిగితే నష్టం అన్న బతుకు నాకు వద్దు. అందుకే 2006 నుంచి సరుకుల ఫ్యూచర్స్ ఎక్స్ఛేంజీ అయిన ఎంసీఎక్స్‌లో గోల్డ్ మినీ అనే బంగారం కాంట్రాక్టును రాబోయే తేదీకి ముందే అమ్మి పెడుతుంటాను. ఒక లాట్ అంటే వంద గ్రాములు. అయిదు లాట్లు అమ్మి ఉంచితే ధర పడ్డప్పుడు సరుకులో పోయింది అక్కడ వస్తుంది, పెరిగినప్పుడు అక్కడ పోయింది సరుకులో వస్తుంది. రాత్రి పదకొండు దాకా క్రూడాయిల్ తెర ముందు కూర్చుని జూదమాడేవాళ్లు వేరే ఉన్నారు, నన్ను వాళ్లలో కలపకండి.

నేను ఖాతా తెరిచిన బ్రోకరు ఆఫీసు ఆర్పీ రోడ్డులో ఒక మందుల దుకాణం మేడ మీద ఉండేది. యజమాని, ఇద్దరు డీలర్లు, చాయ్ తెచ్చే కుర్రాడు, అంతే. ఫోను చేస్తే గొంతు గుర్తుపట్టి "సార్, ఎన్ని లాట్లు?" అనేవారు. కొన్నేళ్ల క్రితం ఆయన ఆ ఆఫీసును బయటి రాష్ట్రపు సంస్థకు అమ్మేశారు. ఆ సంస్థ తరువాత అలాంటివే మరో మూడింటిని కొన్నది. 2024లో దానినే ముంబయిలోని ఇంకా పెద్ద సంస్థ కొనేసింది. కొన్న ప్రతిసారీ నాకో కొత్త క్లయింట్ కోడు వచ్చింది. మా పాత యజమాని నన్ను తలవని రోజు ఉండవచ్చు గాని, నేను ఆయనను తలవని రోజు ఆ జూలైలో ఒక్కటీ లేదు.

ఆయనను పూర్తిగా తప్పు పట్టలేను. 2013 జూలైలో కమోడిటీ లావాదేవీల పన్ను వచ్చింది. అదే నెలాఖరున ఎన్‌ఎస్‌ఈఎల్ అనే సరుకుల స్పాట్ ఎక్స్ఛేంజీలో దాదాపు 5,600 కోట్ల రూపాయల చెల్లింపులు నిలిచిపోయి, కమోడిటీ అంటేనే జనం దండం పెట్టారు. 2015 సెప్టెంబరులో సరుకుల మార్కెట్లను చూసే ఫార్వర్డ్ మార్కెట్స్ కమిషన్‌ను షేర్ల మార్కెట్లను చూసే సెబీలో కలిపేశారు. 2017లో షేర్లకూ సరుకులకూ ఒకే కంపెనీ బ్రోకరుగా ఉండవచ్చన్నారు, దానితో షేర్ల బ్రోకర్లు ఇటు వచ్చి పడ్డారు. 2020 డిసెంబరు నుంచి మార్జిన్‌ను, అంటే పూచీగా కట్టి ఉంచాల్సిన డబ్బును, రోజు మధ్యలో కూడా లెక్కగట్టడం మొదలైంది, తెలిసినవాళ్లకు సాయంత్రం దాకా సర్దుబాటు చేసే చిన్న బ్రోకరు చేయి కట్టేసినట్టయింది. "ఆడిటు ఖర్చు, సాఫ్ట్‌వేర్ ఖర్చు, నా వయసు మూడూ పెరిగాయి, కమీషను ఒక్కటే తగ్గింది" అన్నారు ఆయన అమ్మేసిన రోజు. కొనేవాళ్ల లెక్క ఇంకా సులువు. ఖాతాదారులను ఒక్కొక్కరినే వెతికి పట్టుకోవడం కంటే, ఇరవై ఏళ్లుగా నమ్మి ఉన్నవాళ్లను గంపగుత్తగా కొనుక్కోవడం చవక. ఈ బేరంలో సరుకు బంగారం కాదు, మేము.

2024 జూన్‌లో మెయిల్ వచ్చింది. మీ ఖాతా దానంతట అదే కొత్త సంస్థకు మారుతుంది, మీరు చేయవలసింది ఏమీ లేదు, జూలై 12లోగా ఉన్న పొజిషన్లు, అంటే అమ్మి పెట్టిన లాట్లు, మాత్రం మూసేయండి అని. మూసేశాను. డబ్బు వెనక్కి వచ్చింది. అంతవరకు ఏ పేచీ లేదు.

సోమవారం కొత్త యాప్ తెరిస్తే, నా పత్రాలు సరిపోలలేదని ఎర్ర అక్షరాలు. పాన్‌లో నా ఇంటిపేరు పూర్తిగా, చివర ఉంది. ఆధార్‌లో ఒకే అక్షరంగా, ముందు ఉంది. తెలుగువాడిగా పుట్టిన ప్రతివాడికీ ఉండే రోగమే ఇది, నాకు కొత్త కాదు. ఆన్‌లైన్‌లో కుదరదు, కాగితం ఫారం నింపండి అన్నారు. ప్యారడైజ్ దగ్గర మెట్రో ఎక్కి బేగంపేటలో దిగి వాళ్ల అద్దాల మేడకు వెళ్లాను.

ఫారం నిండా సంతకాలే. ఇరవై రెండు చోట్ల పెట్టి ఇచ్చాను. కౌంటరులోని అమ్మాయి, పాతికేళ్లు కూడా ఉండవు, తెలుగమ్మాయే, మొదటి పేజీ దగ్గరే ఆగిపోయింది.

"సార్, ఇది తెలుగులో ఉంది కదా?"

"నా సంతకం అదేనమ్మా."

"ఇంగ్లీషులో పెట్టరా?"

"పాన్ కార్డు మీద కూడా ఇదే ఉంది, చూడు."

చూసింది. లోపలికి వెళ్లి వచ్చి, సొరుగులోంచి నీలం సిరా డబ్బా తీసి, మూత తెరిచి నా ముందు పెట్టింది. "అంకుల్, పోనీ వేలిముద్ర వేస్తారా?" అంది, ఎంతో జాలిగా.

నా వెనక వరుసలో ఆరుగురు ఉన్నారు. ఒకాయన నా చేతిలో పెన్ను ఉన్నా, నా బొటనవేలి వంక చూశాడు. నేను బి.కాం. ఉస్మానియాలో, 1983లో. మిల్లీగ్రాము తేడా చేతితో పట్టగలను, తరుగు లెక్క నోటితో చెప్పగలను. పదహారో ఏట మా నాన్న బ్యాంకుకు తీసుకువెళ్లి పెట్టించిన సంతకం అది. చివర 'వు' కొమ్మును గొలుసు కొక్కెంలా వంచుతాను, ఆ వంపు ఆయనదే. అమ్మాయి మీద కోపం లేదు. ఎవరో నేర్పిన మాట చెప్పింది. నేర్పినవాడు బయటికి వచ్చాడు, మేనేజరు. ఇంగ్లీషు కాని సంతకం వేలిముద్రతో సమానమట, నోటరీ ధ్రువీకరణ కావాలట. తెలుగు రాష్ట్ర రాజధానిలో తెలుగు సంతకానికి సాక్షి!

మర్నాడు సికింద్రాబాద్ కోర్టు దగ్గర నోటరీని పట్టుకున్నాను. ఆయన ఫారం అటూ ఇటూ తిప్పి, "మీకు చదువు రాదా?" అన్నాడు. వచ్చన్నాను. "మరి ఇది ఎందుకు?" అన్నాడు. నాకూ తెలియదన్నాను. రెండు వందలు తీసుకుని ముద్ర వేశాడు. మధ్యలో మొహర్రం సెలవు. గురువారం ఇచ్చాను. శుక్రవారం ముంబయి నుంచి తిరస్కరణ: నోటరీ ముద్ర చివరి పేజీ మీదే ఉంది, సంతకం ఉన్న ప్రతి పేజీ మీదా ఉండాలి.

ఆదివారం లష్కర్ బోనాలు, సోమవారం భవిష్యవాణి చెప్పే రంగం. మా వీధి ఆ రెండు రోజులు మనుషులకు తప్ప దేనికీ ఖాళీ ఉండదు. మంగళవారం, జూలై 23, బడ్జెట్. కార్ఖానాలో చిన్న టీవీ పెట్టుకుని చూస్తున్నాం. బంగారం మీద కస్టమ్స్ సుంకం 15 నుంచి 6 శాతానికి తగ్గిస్తున్నామన్నారు. ఆ రోజు ఎంసీఎక్స్‌లో పది గ్రాములకు దాదాపు నాలుగు వేలు పడింది. నా దగ్గర అరకిలో. లెక్క మీరే వేసుకోండి, రెండు లక్షలు. పద్దెనిమిదేళ్లుగా వదలకుండా అమ్మి పెట్టినవాడిని, సరిగ్గా ఆ రోజు ఒక్క లాటూ లేకుండా కూర్చున్నాను. పాలిష్ పట్టే కుర్రాడు మోటారు ఆపి నా ముఖం చూశాడు. పది నిమిషాలకే ఒక పాత ఖాతాదారు ఫోను, తన వంకీకి కొత్త ధర వేయమని.

ఆ రాత్రి నిద్ర పట్టక ఆ ఫారాన్నే మొదటి నుంచి చదివాను. ఎవరూ చదవని సూచనల పేజీ ఒకటి ఉంది, చీమ తలకాయంత అక్షరాలు. నగలు చూసే భూతద్దం పెట్టుకుని చదివితే దొరికింది. ఇంగ్లీషు, హిందీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషలు కాక వేరే భాషలో ఉన్న సంతకానికీ, వేలిముద్రకూ మాత్రమే మేజిస్ట్రేటో నోటరీయో ధ్రువీకరించాలి. తెలుగు ఆ షెడ్యూలులో రాజ్యాంగం రాసిన నాటి నుంచీ ఉంది. వాళ్ల ఫారమే, వాళ్లే అచ్చు వేసుకున్నది!

బుధవారం పొద్దున్నే వెళ్లి ఆ వాక్యం కింద ఎర్ర గీత గీసి మేనేజరు ముందు పెట్టాను. రెండుసార్లు చదివాడు. ఎవరికో ఫోను చేసి పక్కకు తిరిగి మాట్లాడాడు. "ఇది మా దృష్టికి రాలేదు సార్" అన్నాడు. అతను క్షమాపణ అడగలేదు. సిరా డబ్బా తీసిన అమ్మాయి మాత్రం లిఫ్టు దాకా వచ్చి, "సారీ అంకుల్" అంది. జూలై 29న ఖాతా తెరుచుకుంది. ఆ పొద్దునే అయిదు లాట్లు అమ్మాను, దిగిన ధరకు.

మీ బ్రోకరును ఎవరైనా కొంటున్నారని తెలిస్తే పాత లాగిన్ ఉండగానే లెడ్జరు, ఒక్కో లావాదేవీకి ఇచ్చే కాంట్రాక్టు నోట్లు అన్నీ దింపుకోండి, మూసేశాక తెప్పించుకోవడం కష్టం. కొత్త ఖాతాలో ఒక్క లాట్ అయినా వేసి చూడనిదే పాతది మూయకండి. మూయక తప్పదంటే ఉన్న బంగారాన్ని ఆ పూటే బులియన్ వ్యాపారికి, అంటే ముడి బంగారం టోకున కొని అమ్మేవాడికి, అమ్మేయండి. నేను మా బులియన్ వ్యాపారితో పాత తగాదా వల్ల వెళ్లలేదు, అది నా పొగరు. "దానంతట అదే మారుతుంది" అన్న మాటను మాత్రం నమ్మవద్దు.

పెద్దది కొన్నది కదా, భద్రం అనుకోవడం కూడా తప్పే. అమెరికాలో రెఫ్కో అనే ఫ్యూచర్స్ బ్రోకరేజీ 2005లో కుప్పకూలితే, దాని వ్యాపారాన్ని మ్యాన్ ఫైనాన్షియల్ కొన్నది. అదే 2007లో ఎంఎఫ్ గ్లోబల్ అయింది, 2011 అక్టోబరు 31న దివాలా తీసింది. కదలకుండా ఒకే కుర్చీలో కూర్చున్న ఖాతాదారు ఆరేళ్లలో రెండు దివాలాలు చూశాడన్నమాట. వాడితో పోలిస్తే నాది సిరా డబ్బాతో పోయింది.

స్కోర్స్ అనే సెబీ ఫిర్యాదుల పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాను. ఇరవై ఒక్క రోజుల్లో జవాబు ఇవ్వాలి. నిన్న ముంబయి నుంచి ఒకాయన ఫోను చేసి, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే మూడు నెలలు బ్రోకరేజీ మాఫీ చేస్తామన్నాడు. ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టి పంపమన్నాను, ఏ భాషలో పెట్టినా ఫర్వాలేదన్నాను. ఇంకా రాలేదు.