చల్లగాలి తగిలితే మేడ దిగాలి

హైదరాబాదులో మే నెల సాయంత్రాలలో ఉన్నట్టుండి ఉక్కపోత తగ్గి, మట్టివాసనతో చల్లగాలి వీచిందంటే, పగలంతా మండిన ఇళ్ళలోంచి జనం మేడల మీదికి చేరుతారు. నేనూ చిన్నతనం నుంచి అలాగే చేసేదాన్ని. రెండేళ్ళ కిందట నల్లకుంటలోని మా మేడ మీద అమ్మా నేనూ సగ్గుబియ్యం వడియాలు తీస్తుండగా, పక్కింటి వాటర్ ట్యాంకు మీది రేకు లేచి వచ్చి, మేము ఇంకా చుట్టని సగం చీరను నిలువునా చీల్చింది. అప్పటికి వాన చినుకు ఒక్కటీ పడలేదు.

చినుకు కన్నా ముందు అంత గాలి ఎందుకు వస్తుందో ఆ తర్వాతే శ్రద్ధగా తెలుసుకున్నాను. ఎండ 40 డిగ్రీలు దాటిన రోజున బంగాళాఖాతం వైపు నుంచి తేమగాలి కూడా చేరితే, నేల వేడికి తేలికైన గాలి ఆ తేమను మోసుకుని పైకి లేచి, పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున్న క్యుములోనింబస్ అనే ఉరుముల మేఘంగా పెరుగుతుంది. అందులోంచి జారే వాన, వడగళ్ళు చుట్టూ ఉన్న గాలిని తమతో పాటు కిందికి లాగుతాయి. దారిలో కొంత నీరు ఆవిరి కావడంతో ఆ గాలి మరింత చల్లబడి, బరువెక్కి, వేగంగా దిగి, నేలను తాకి నలుదిక్కులా పరుచుకుంటుంది. మనం ఈదురుగాలి అనేది దీనినే. అది వానను వెనక వదిలి ముందుకు వచ్చేస్తుంది కాబట్టి, ఒంటికి హాయిగా తగిలే ఆ మొదటి చల్లదనమే మేఘం మన దగ్గరికి వచ్చేసిందని చెప్పే కబురు. మేడ ఎక్కవలసిన వేళ కాదది, దిగవలసిన వేళ.

పిడుగు సంగతీ అంతే. ఉరుము శబ్దం కిలోమీటరు దూరం రావడానికి సుమారు మూడు సెకన్లు పడుతుంది. మెరుపు కనిపించాక ముప్ఫై అంకెలు లెక్కపెట్టేలోగా ఉరుము వినిపించిందంటే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉంది, ఇంట్లోకి వెళ్ళాలి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు. వాన ఆగింది కదా అని వెంటనే చెట్టు కింద నుంచి బండి తీసేవాళ్ళను చూస్తే నాకు ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

వాయుగుండం తెచ్చే వాన తీరు వేరు, అది చెప్పి వస్తుంది. 2020 అక్టోబరు 13 ఉదయం కాకినాడ దగ్గర తీరం దాటిన తీవ్ర వాయుగుండం తెలంగాణ మీదుగా సాగగా, బేగంపేటలో ఒక్క రోజులో 19 సెంటీమీటర్ల వాన నమోదైంది. భారత వాతావరణ శాఖ ఇలాంటి వాటికి ముందు రోజుల్లోనే రంగుల హెచ్చరికలు ఇస్తుంది: పసుపు గమనించమని, నారింజ సిద్ధంగా ఉండమని, ఎరుపు వెంటనే కదలమని. ఆ వ్యవధిలో సెల్లార్‌లోని బండ్లను మిట్టకు చేర్చడం, సంపు మూత బిగించడం, మందులూ కాగితాలూ పై అరలోకి మార్చడం కష్టమేమీ కాదు. నీళ్ళు చేరాక సెల్లార్‌లోకి వెళ్ళి మోటారు స్విచ్ మీద చెయ్యి వేయడం మాత్రం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

ఎండాకాలపు గాలివానకు అంత గడువు ఉండదు. రాబోయే మూడు గంటలకు వాతావరణ శాఖ ఇచ్చే తక్షణ సూచన, పిడుగులను చూపే దామిని యాప్, పడమటి ఆకాశం, ఈ మూడే నాకు ఆధారం. మా ట్యాంకు మూతకు ఇప్పుడు ఇనుప తీగ కట్టించాను, పక్కింటివారు రేకుకు బోల్టులు వేయించారు. పసుపు హెచ్చరిక ఉన్న రోజున అమ్మ మూడింటికల్లా వడియాలు పచ్చిగానే కిందికి దించి, హాల్లో ఫ్యాను కింద పరుస్తోంది.