ఎర్రగుడి గుండ్ల మీద కుడి నుంచి ఎడమకి

అశోకుడి శాసనం అనగానే మనకి ఒడిశా గుర్తొస్తుంది, లేకపోతే బడి పుస్తకంలోని నాలుగు సింహాల బొమ్మ గుర్తొస్తుంది. గుత్తి నుంచి పత్తికొండ పోయే రోడ్డు మీద పది పన్నెండు కిలోమీటర్లు పోతే ఆయన రాయించినవి గుట్ట నిండా ఉన్నాయని అనంతపురంలో పుట్టి పెరిగిన వాళ్లలో కూడా చాలామందికి తెలీదు. ఊరు ఎర్రగుడి, కర్నూలు జిల్లా తుగ్గలి మండలం, జొన్నగిరికి దగ్గర. పోవాలంటే డిసెంబర్, జనవరి నెలల్లోనే పోండి, అదీ పొద్దున్నే. చలికాలం అయితే హాయిగా ఉంటుందని మాత్రమే చెప్పట్లేదు (ఉంటుంది, మార్చి దాటితే ఆ గుండ్ల మీద చెయ్యి పెట్టలేరు), అసలు కారణం వెలుతురు. అక్షరాలు లోతుగా లేవు, రెండు వేల ఏళ్లు దాటిన గీతలు కదా. పొద్దు ఏటవాలుగా పడినంతసేపు గీతల్లో నీడ నిలిచి అక్షరం తేలుతుంది, ఎండ నెత్తి మీదికి వచ్చిందంటే అది ఉట్టి బండే.

మేం గుత్తిలో ఆగి ఉగ్గాని, బజ్జి తిని బయల్దేరాం, నేనూ మా చిన్నాన్న కొడుకూ, బండి మీద. వాడికి చరిత్ర అంటే పడదు, కొత్త బండి నడపడానికి దొరికిన సాకు అని వచ్చాడు. దారంతా కంది చేలు, పత్తి తీస్తున్న ఆడవాళ్లు, నల్లరేగడి ఉన్నచోట శనగ పైరు. ఈ చుట్టుపక్కల పొలాలకి ఇంకో పేరుంది, తొలకరి వాన పడితే చాలు ఎక్కడెక్కడి జనమో వచ్చి వజ్రాల కోసం నేల మీదే కళ్లు పెట్టుకుని తిరుగుతారు. చలికాలంలో ఆ సందడి ఏమీ ఉండదు. గుట్ట దగ్గర మేకలు కాసే పెద్దాయన ఒక్కడే ఉన్నాడు. "రాతలు చూసేకి వచ్చినారా? బిరబిర పోండబ్బీ, ఎండ పైకొస్తే ఏం కనపడవు" అన్నాడు. నేను పుస్తకాల్లో చదివి తెలుసుకున్న విషయం ఆయన ఒక్క మాటలో చెప్పేశాడు.

1929లో అను ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త కంటపడ్డాకే ఈ శాసనాల సంగతి బయటి ప్రపంచానికి తెలిసింది. అశోకుడు ఒకే మాటల్ని దేశంలో చాలాచోట్ల బండల మీద రాయించాడు, వాటిలో పెద్ద శాసనాలని పద్నాలుగు, చిన్న శాసనాలని రెండు. ఆ పద్నాలుగూ ఇక్కడ ఉన్నాయి, ఆ రెండూ ఉన్నాయి, ఒకే గుట్ట మీద రెండు రకాలూ కనపడటం చాలా అరుదు. చిన్నవి ముందు చెక్కారు, పెద్దవి ఆ తర్వాత కొన్నేళ్లకి, అంతా క్రీ.పూ. 3వ శతాబ్దమే. బ్రాహ్మీ లిపి, ప్రాకృత భాష. ఈ లిపిని మళ్లీ చదవగలిగింది 1837లో, జేమ్స్ ప్రిన్సెప్ అనే ఇంగ్లిష్ పండితుడు. అప్పటిదాకా దేశంలో ఎవరికి ఏ బండ కనిపించినా గీతలు చూసి ఊరుకోవడమే.

నిజం చెప్పాలంటే ఇక్కడ నాకు నచ్చింది రాజు కాదు, చెక్కినవాడు. చిన్న శాసనం ఉన్న బండ దగ్గర కూర్చుని, ఇంటి దగ్గర ప్రింట్ తీసుకెళ్లిన పాఠం పక్కన పెట్టుకుని ఒక్కో వరుసా పోల్చుకుంటూ పోతే తమాషా మొదలవుతుంది. మొదటి వరుస ఎడమ నుంచి కుడికి, మామూలుగానే. రెండోది కుడి నుంచి ఎడమకి! ఎద్దులు సాలు చివర తిరిగి పక్క సాలు పట్టినట్టు. నాలుగు, ఆరు కూడా అంతే. పోనీ అదే పద్ధతి అనుకుందామా అంటే ఆ తర్వాత లెక్క తప్పుతుంది, రెండు వరుసలు వెంటవెంటనే తిరగబడతాయి, మళ్లీ కొంతసేపు మామూలుగా పోతుంది, చివర్లో ఇంకోటి వెనక్కి. అశోకుడి మిగతా శాసనాల్లో ఇలాంటిది లేదు. చక్రవర్తి ఆజ్ఞ చెక్కమని పంపిస్తే వీడు చేసిన పని ఇది.

ఎందుకు చేశాడు? వాయవ్యంలో, ఇప్పటి పాకిస్తాన్ వైపు వాడిన ఖరోష్ఠీ లిపి కుడి నుంచి ఎడమకి రాసేది, ఆ అలవాటు ఉన్న రాతగాడు అయ్యుంటాడని ఒక వాదన ఉంది. ఉత్తి ఊహ అని కొట్టిపారేయలేం, ఎందుకంటే మన రాయదుర్గం అవతల, కర్ణాటకలో మొలకాల్మూరు దగ్గర బ్రహ్మగిరిలో ఉన్న ఇదే చిన్న శాసనం చివర చపడ అని రాతగాడి పేరు ఉంది, "లిపికరుడు" (రాతగాడు) అనే మాట మాత్రం ఖరోష్ఠీలో ఉంది. అంటే ఆ లిపి వచ్చినవాడు ఒకడు అక్కడెక్కడి నుంచో ఈ ఎండల్లోకి ఉద్యోగం మీద వచ్చాడు. ఎర్రగుడి బండ మీద పేరు లేదు. వాడో, వాడి శిష్యుడో, ఇంకెవడో. నాకైతే ఇంకో అనుమానం కూడా ఉంది, వాడికి కాస్త సరదా ఎక్కువేమో అని. దీనికి ఏ ఆధారమూ లేదు, నా ఇష్టం.

మావాడికి బ్రాహ్మీలో రెండు అక్షరాలు నేర్పించా. కూడిక గుర్తులా ఉంటే "క", తిరగేసిన ఇంగ్లిష్ టి లా ఉంటే "న". అంతే, చరిత్ర పడనివాడు అరగంట సేపు బండల చుట్టూ తిరుగుతూ "అన్నా ఇదిగో క, ఇదిగో ఇంకో క" అని ఒకటే కేక. నీడలో ఉన్న గుండ్లకి ఫోన్ టార్చ్ బండకి ఆనించినట్టు పక్కనుంచి పట్టుకుంటే చక్కగా తేలాయి, ఎదురుగా వేస్తే ఏమీ రాదు. దయచేసి సుద్దముక్కతో అక్షరాలు దిద్దకండి, ఫోటో బాగా రావాలని నీళ్లు కూడా పోయకండి. చుట్టుపక్కల బండల మీద ప్రేమికుల పేర్లు ఆయిల్ పెయింట్‌తో కనిపిస్తాయి, అవి మాత్రం ఏ వెలుతురులోనైనా చదవొచ్చు, ఖర్మ.

ఇంతకీ ఏం రాశాడు అంటే, మొదటి పెద్ద శాసనంలోనే వంటింటి గొడవ ఉంది. ఇంతకుముందు రాజుగారి వంటశాలలో రోజూ లక్షల ప్రాణులు కూరకి పోయేవట, ఇప్పుడు మూడే, రెండు నెమళ్లు, ఒక జింక, ఆ జింక కూడా రోజూ కాదు, ముందుముందు ఈ మూడూ ఉండవు. ఇది చదివి వినిపిస్తే మావాడు "మనం మధ్యాహ్నం నాటుకోడి అనుకున్నాం కదన్నా, ఇప్పుడెట్లా?" అన్నాడు. (తిన్నాం, సంగటితో.) రెండో దాంట్లో మనుషులకీ పశువులకీ వైద్యం, దారుల పక్కన చెట్లు, బావులు. చిన్న శాసనాల్లో తల్లిదండ్రుల మాట వినండి, ప్రాణుల మీద దయ చూపండి, నిజం చెప్పండి అని ఉంటుంది. ఈ మాటలు జనానికి ఎలా చేరాలో కూడా ఎర్రగుడి బండ మీదే ఉంది. రజ్జుకుడు అనే అధికారి భేరి మోగించి చెప్పాలి, అంటే చాటింపు. ఏనుగుల వాళ్లూ లేఖకులూ బ్రాహ్మణ గురువులూ తమ దగ్గర నేర్చుకునేవాళ్లకి చెప్పాలి. ఇది నాకు చాలా తెలివైన పని అనిపించింది, ఎందుకంటే ఆ రోజుల్లో ఈ గుట్ట కింద మేకలు కాసుకునేవాడు బండ చదివి ఉండడు, వినే ఉంటాడు.

పదమూడోది కళింగ యుద్ధం. లక్షన్నర మందిని తరలించుకుపోయారు, లక్ష మంది అక్కడే చచ్చారు, అంతకి ఎన్నో రెట్ల మంది తర్వాత పోయారు, నాకు బాధగా ఉంది అని చెప్పుకుంటాడు. తన ధర్మాన్ని పాటించేవాళ్ల లిస్టులో ఆంధ్రుల పేరు కూడా ఇందులోనే వస్తుంది. అసలు విషయం ఏంటంటే, కళింగలోనే ఉన్న ధౌలి, జౌగడ శాసనాల్లో ఈ పదమూడోది లేదు, దాని బదులు వేరేవి చెక్కించాడు. దెబ్బ తిన్నవాళ్ల ముందు ఆ లెక్కలు చెప్పడానికి మొహం చెల్లలేదా, లేక చెప్తే మళ్లీ రగులుతుందని భయమా? నాకు రెండోదే అనిపిస్తుంది. కర్నూలు బండ మీద పశ్చాత్తాపపడితే ఎవరికీ అభ్యంతరం ఉండదు కదా.

పోయేవాళ్లకి నాలుగు మాటలు. గుత్తి–పత్తికొండ బస్సులు ఈ దారిలోనే తిరుగుతాయి, కానీ సొంత బండి ఉంటే మేలు, పొద్దున్నే చేరాలి కాబట్టి. గుట్ట దగ్గర తినడానికి ఏమీ దొరకదు, నీళ్లు తీసుకెళ్లండి. శాసనాల పాఠం, బ్రాహ్మీ అక్షరాల పట్టిక నెట్‌లో దొరుకుతాయి, తీసుకెళ్లకపోతే పది నిమిషాల్లో సెల్ఫీలు అయిపోయి బోర్ కొడుతుంది. పత్తికొండ దగ్గరే రాజుల మండగిరి అని ఇంకో చోటుంది, రామలింగేశ్వరుడి గుడి ఆవరణలో ఇదే చిన్న శాసనం ఇంకో కాపీ. అది బాగా చెరిగిపోయింది. కాబట్టి ముందు ఎర్రగుడి చూసి ఆ తర్వాతే అటు పోండి, అది మొదట చూస్తే "ఓస్, ఇంతేనా" అనుకుని మధ్యాహ్నానికల్లా ఇంటికి తిరిగి వెళ్లిపోతారు.