ఆరో నంబరు బల్ల

మా కాలేజీ పాత విద్యార్థుల సంచికకి ఏదైనా రాయమని కమిటీ వాళ్లు మూడుసార్లు ఫోన్ చేశారు. పిక్నిక్కులు, స్ట్రైకులు మిగతావాళ్లు రాస్తారు. నాకు మాత్రం కెమిస్ట్రీ ల్యాబులో ఆరో నంబరు బల్ల దాటి కలం కదలడంలేదు.

“చుక్క వెయ్యమన్నాను గానీ చెరువు తవ్వమన్నానేట్రా?” కెమిస్ట్రీ మాస్టారి ఈ మాట ఎవరికి పడిందో మా ‘సీసా బ్యాచ్’ వాళ్లకి చెప్పక్కర్లేదు.

పల్చటి యాసిడ్ పొర కింద లోహం ఎలా కరుగుతుందో చూడడమే ప్రయోగం. జింక్ రేకుని ఎమరీ కాగితంతో రుద్ది, ఎసిటోన్‌తో కడిగాక అంచులే పట్టుకోవాలి. వేలి జిడ్డు తగిలిందా, పొర పరుచుకోదు, తామరాకు మీద నీళ్లలా విడిపోతుంది. తర్వాత 0.1 మోలార్ (లీటరుకి 0.1 మోల్) హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఒక్క చుక్క, అంటే 0.05 మి.లీ., గాజు కడ్డీతో చదరపు సెంటీమీటరు మేర పరవాలి. మందం అర మిల్లీమీటరు.

బుడగలు ఆగిపోగానే ప్రయోగం పాడైందని ఇంకో చుక్క వేసేవాళ్లం. మాస్టారు బోర్డు మీద లెక్క వేయించారు. ఆ చుక్కలో యాసిడంతా ఖర్చయినా కరిగే జింక్ 0.16 మిల్లీగ్రాములే, పుట్టే హైడ్రోజన్ 0.06 మి.లీ. కథ అక్కడితో అయిపోదు. పొర పల్చన గనక గాలిలో ఆక్సిజన్ ఒకటి రెండు నిమిషాల్లో అడుక్కి దిగిపోతుంది. దాంతో జింక్ తుప్పు పట్టి తెల్లపొడి కట్టేది అప్పుడే. మూత పెట్టకపోతే నీరు ఆవిరై ద్రావణం చిక్కబడుతుంది, లెక్క తప్పుతుంది. అందుకే మూతున్న గాజు పళ్లెంలో (పెట్రీ డిష్) తడి వడపోత కాగితం.

విజయనగరంలో సిరిమాను సంబరం వస్తోందంటే ఇళ్లలో ఇత్తడి బిందెలు చింతపండుతో తోముతారు కదా, మాస్టారు అదీ వదల్లేదు. టార్టారిక్ యాసిడ్ నల్లటి ఆక్సైడుని కరిగిస్తుంది, బిందె మెరుస్తుంది. సరిగ్గా కడగకపోతే ఆ పులుసే పచ్చటి చిలుము పట్టిస్తుంది. ఇత్తడిలో ఉండే రాగి తనంతట తాను ఇలాంటి యాసిడ్ నుంచి హైడ్రోజన్‌ని తరమలేదు, ఆక్సిజన్ తోడుంటేనే కరుగుతుంది. అందుకే పులుసు నిండుగా ఉన్నచోట కంటే, అంచున పల్చగా అంటినచోటే చిలుము ముందు కనిపిస్తుంది.

కాలేజీలో ఆ తర్వాతి రెండేళ్లూ ఎలా గడిచాయో!

ఇప్పుడు నా బల్ల మీద క్వార్ట్జ్ మైక్రోబ్యాలెన్స్ ఉంది, కంపించే క్వార్ట్జ్ పలకతో అతి చిన్న బరువుల తేడా పట్టే త్రాసు. సెకనుకి 50 లక్షల సార్లు కంపించే 5 మెగాహెర్ట్జ్ పలక మీద పూసిన లోహం చదరపు సెంటీమీటరుకి 17.7 నానోగ్రాములు (నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లవ వంతు) తరిగితే కంపనం ఒక హెర్ట్జ్ మారుతుంది. పైన ఉన్న ద్రవం కూడా కంపనాన్ని లాగుతుంది కాబట్టి, ముందు వట్టి నీటి పొరతో కొలిచి దాన్ని తీసేయాలి. కొత్త పిల్లల చేతికి పలక ఇచ్చేటప్పుడు నేను చెప్పే మొదటి మాట, అంచులు పట్టుకోమని.

ఆరో నంబరు బల్ల ఇంకా అక్కడే ఉంటే, ఒక ఫొటో తీసి దీని పక్కన వెయ్యండి.