52 మిల్లీమీటర్లు

పెద్దపేగు క్యాన్సర్ కాలేయానికి పాకిందని తెలిసి, నాన్నను నెల్లూరు నుంచి చెన్నైకి తీసుకొచ్చి కీమో మొదలుపెట్టించి నాలుగు నెలలైంది. నిన్నటి స్కాన్‌లో గడ్డల కొలతల మొత్తం 80 మిల్లీమీటర్ల నుంచి 52కు తగ్గిందని వినగానే అమ్మ వరండాలోనే ఏడ్చేసింది. కనీసం 30 శాతం తగ్గితే దాన్ని పాక్షిక స్పందన అంటారట. "అయితే ఇంక భయం లేదాండీ?" అని అమ్మ అడిగితే, ఇది మంచి సూచనే గానీ దీన్నిబట్టి ఆయుష్షు లెక్కకట్టలేమమ్మా అన్నారు డాక్టరుగారు.

రాత్రి కూర్చుని చదివాను. 25 ప్రయోగాల్లోని, ఇదే జబ్బున్న 3,791 మంది వివరాలను కలిపి పరిశీలించి 2000లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, గడ్డ తగ్గినవారు ఎక్కువకాలం బతికిన మాట నిజమే అయినా, ఒక చికిత్సలో స్పందన ఎక్కువగా ఉన్నంత మాత్రాన బతికే కాలం కూడా అంతగా పెరుగుతుందని చెప్పడానికి లేదు. ఆ మాట అమ్మకు ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

కీమోలో ఇచ్చే ఆక్సాలిప్లాటిన్ మందు వల్ల చల్లటిది తాకితే నాన్న వేళ్లు జివ్వుమంటాయి. ఇంత ఎండలోనూ ఆయన గోరువెచ్చటి నీళ్లే తాగుతున్నారు. ఫ్రిజ్‌లోని పెరుగు గిన్నె నేనే తీసి ఇస్తున్నాను. ఎల్లుండి తొమ్మిదో విడత.